చేపల గది ఎవరిది

మీ ఇంట్లో, చేపల గది నుంచి

గౌరవనీయులైన వదినగారికి,

మీ వియ్యపురాలి నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం, చేపలతో సహా. మీ మోకాలి ఆపరేషన్ ఎలా జరిగిందో వెంటనే రాయండి.

మీరు బండెక్కిన మర్నాడే పిల్లలు లేచాయి. లేచాయంటే పూర్తిగా లేవలేదు. చేప గుడ్లు పెట్టిన పలక మీద తలలు అతుక్కుపోయి తోకలు మాత్రం ఆడిస్తున్నాయి. మొదట గుడ్లే వణుకుతున్నాయనుకుని కంగారుపడ్డాను. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే ఒక్కోదానికి రెండు నల్లచుక్కలు. కళ్ళు! వెంట్రుక ముక్కకి కళ్ళొచ్చినట్టున్నాయి వదినగారూ. వాటిని చూస్తూ నిలబడ్డానా, పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. హాస్టల్లో వంట చేసినన్నాళ్ళూ నా పాలు ఒక్కసారీ పొంగలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. వీటికేం పెట్టాలి? ఆసుపత్రిలో మంచం ఖాళీ అయిందని కబురు రాగానే మీరు ఉన్నపళంగా బయల్దేరారు. గాలి గొట్టం ఆపొద్దు, దీపం ఆర్పొద్దు అన్న రెండు ముక్కలు చెప్పి బండెక్కారు. తిండి మాట అడిగేలోపు బండి వీధి మలుపు తిరిగిపోయింది. నాలుగొందల మంది పిల్లలకి రోజూ వండి పెట్టినదాన్ని నేను. ఎవరి కడుపు నిండిందో, ఎవరిది నిండలేదో ముఖం చూసి చెప్పగలను. అలాంటిది, ఇన్ని నోళ్ళు కళ్ళెదుట ఆడుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం నా వల్ల కాని పని. కాబట్టి తొందరగా రాయండి.

మీరు పెట్టిన షరతు నాకు గుర్తుంది. భోజనాల బల్ల దగ్గర నలుగురి ముందూ అన్నారు: "నా నల్లచారల ఏంజెల్ చేప ముసలిదైంది. ఇవి దాని ఆఖరి గుడ్లు. వీటిలో పిల్లలు బతికి తల్లి రూపుకొస్తే ఈ గది చేపలది. లేదంటే తొట్లన్నీ తీసేసి గది కోడలికిచ్చేస్తా, మళ్ళీ నోరెత్తను." మా అమ్మాయి సరేనంది. మీ అబ్బాయి తలూపారు, ఆయన దేనికైనా ఊపుతారు. మీరు వెళ్ళిన సాయంత్రమే మా అమ్మాయి టేపు తెచ్చి గది కొలుచుకుంది. దాని కుట్టు మిషను పడగ్గదిలో మంచానికీ బీరువాకీ మధ్య ఇరుక్కుని ఉంది, బడి పిల్లల యూనిఫారాల పనొస్తే గుడ్డ పరచడానికి చోటు లేదు. మీ దగ్గర దాచడం ఎందుకు, టేపు రెండో కొస పట్టుకున్నది నేనే.

అంతమాత్రాన మీ చేపల్ని పస్తు పెడతాననుకోకండి. కూతురు కూతురే, నా చేతి కిందికొచ్చిన నోరు నోరే.

ఇట్లు,
మీరు చాటుగా పిలిచే పేరుతోనే,
వంట వదిన

*

ఆసుపత్రి, మోకాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం

వదినగారికి,

మోకాలు కోశారు, కుట్టారు. రోజూ ఒకామె వచ్చి వంచమంటుంది. నేను వంచను, ఆమె వంచుతుంది. అంతకు మించి చెప్పుకోదగ్గ విశేషం లేదు.

మీ ప్రశ్నకి జవాబు: ఏమీ పెట్టకండి. ఈ మాట ఇంకోసారి చదవండి. ఏమీ పెట్టకండి. పిల్ల పొట్ట కింద పచ్చటి సంచి ఒకటి కనిపిస్తుంది చూడండి, అది తల్లి కట్టిచ్చిన సద్దిమూట. ఆ మూట అయిపోయేదాకా వాటికి ఆకలి తెలీదు, నోరు కూడా సరిగా తెరుచుకోదు. మీరు వేసింది వాటి నోట్లోకి పోదు, నీళ్ళలో పడి కుళ్ళుతుంది. ఆ కుళ్ళు నీళ్ళే వాటిని చంపుతాయి.

ముఖ్యంగా కోడిగుడ్డు. పచ్చసొన ఉడికించి గుడ్డలో పిండితే చేపపిల్లలకి బలం అని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. చెప్పినవాళ్ళ తొట్లు నేను చూశాను. దాని జోలికి పోకండి.

సంచి కరిగాక పిల్లలు పలక వదిలి గుంపుగా ఈతకొస్తాయి. అప్పుడు పెట్టాలి. గూట్లో పై అరలో రేకు డబ్బా ఉంది, అందులో మిరియాల ధూళిలాంటి పొడి ఉంటుంది. పొడి కాదు, ఉప్పునీటి రొయ్యల గుడ్లు. అడుగు కోసి తలకిందులుగా వేలాడదీసిన సీసా ఒకటి గోడకుంది. అందులో ఉప్పునీళ్ళు పోసి, చిటికెడు గుడ్లు వేసి, గాలి గొట్టం వదలండి. మర్నాటికి పొదుగుతాయి. గాలి ఆపేస్తే ఖాళీ డొల్లలు పైకి తేలతాయి, రొయ్యపిల్లలు కిందికి దిగుతాయి. దిగినవాటిని మాత్రం సన్నటి గుడ్డలోకి వదిలి, మంచినీళ్ళతో ఉప్పు పోయేలా కడిగి, రెండు చుక్కలు తొట్టిలో వెయ్యండి. డొల్లలు మాత్రం పోకూడదు, అవి మింగితే పిల్లల పొట్టలు బిగుసుకుపోతాయి.

కొంచెం కొంచెంగా, చాలాసార్లు పెట్టాలి. తిన్నదో లేదో పొట్టే చెబుతుంది, నారింజ రంగుకొస్తుంది. రంగు రాగానే ఆపెయ్యండి. ఇంకాస్త వేద్దాం అని మీకు తప్పకుండా అనిపిస్తుంది. అనిపించినప్పుడు గదిలోంచి బయటికి వెళ్ళిపోండి.

మన వీధి చివర చేపల షాపతను తనే చూసుకుంటానని నా వెంటపడ్డాడు. వద్దన్నాను. ఈ పనికి మా వదినగారే సరైన మనిషి అన్నాను. ఆ మాట మీద ఉన్నాను.

ఇట్లు,
మీరు చాటుగా పిలిచే పేరుతోనే,
మిల్లు వదిన

*

చేపల గది నుంచి

పూజ్యులైన వదినగారి పాదాలకు నమస్కరించి రాయునది ఏమనగా,

మీ ఉత్తరం అందింది. కాస్త ఆలస్యంగా అందింది. అందిన క్షణం నుంచీ తు.చ. తప్పకుండా మీరు రాసినట్టే చేస్తున్నాను. చాలా చక్కగా, అందరికీ అర్థమయ్యేలా రాశారు. మీ చేతిరాత ఎంత గుండ్రంగా ఉంటుందో నేను ఇంతకుముందు గమనించనే లేదు.

ఇక్కడ ఎండ బాగా కాస్తోంది. మీ అబ్బాయి లారీ బ్రేకులు బాగుచేయించుకున్నారు. మా అమ్మాయికి తలనొప్పి తగ్గింది.

అన్నట్టు, నాతో హాస్టల్లో పనిచేసిన ఒకావిడ ఇంట్లో కూడా చేపలున్నాయి. మీరు చేపల విషయంలో గట్టివారని నా ద్వారా విని, ఒక చిన్న సందేహం అడగమంది. ఆవిడ తొట్టిలో నీళ్ళు కాస్త తెల్లబారాయట. మరీ ఎక్కువేం కాదు, పాలలో నీళ్ళు కాదు, నీళ్ళలో పాలు కలిపినట్టు. అలాంటప్పుడు ఏం చెయ్యాలో మీరు రాస్తే ఆవిడకి చెబుతాను. తొందరగా రాస్తే ఆవిడ ఇంకా సంతోషిస్తుంది.

మన తొట్టి శుభ్రంగా ఉంది. గుడ్డు వాసన లాంటిదేమీ రావడం లేదు.

ఆరోగ్యం జాగ్రత్త. మోకాలు వంచండి, వాళ్ళు చెప్పినట్టు వినడం మంచిది.

ఇట్లు విధేయురాలు,
వంట వదిన

*

మోకాళ్ళ వార్డు నుంచి

వదినగారూ,

గుడ్డు వాసన వస్తోందా అని నేను అడగలేదు.

మీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, ఆ తర్వాత రాలేదు. నా పాదాలకు నమస్కరించారు చూడండి, అక్కడే నాకు అనుమానం వచ్చింది. మన పిల్లల పెళ్ళినాటి నుంచీ మీరు నాకు తల వంచింది లేదు. హాస్టల్లో మీతో పనిచేసిన ఆవిడకి చేపలుంటే ఆ సంగతి మీరు నాకు ముందే, నన్ను తీసిపారేస్తూ, పదిసార్లు చెప్పి ఉండేవారు. నేను నూలు మిల్లులో షిఫ్టు మేస్త్రిగా పనిచేసి రిటైరైన మనిషిని. దారం ఎక్కడ తెగిందో వెతకడం నాకు కొత్త కాదు.

సరే. ఆ "ఆవిడ"తో ఇలా చెప్పండి. పెద్ద తొట్టిలో పాత నీళ్ళున్నాయి, అదే వెచ్చదనంతో. వాటిని వెడల్పాటి గిన్నెలోకి తీసుకుని, పలకని పలకలాగే ఎత్తి అందులో పెట్టమనండి. రాలిపోయినవాటిని వల పెట్టి ఎత్తితే చిదిగిపోతాయి, నీళ్ళతో సహా ముంచి తియ్యాలి. తెల్లబడ్డ ముద్దలు పోయినవి, వాటి మీద ఆశ వదులుకోవాలి. కుళాయి నీళ్ళు నేరుగా పొయ్యకూడదు. ఈ ఉత్తరం చేరేసరికి ఇది చెయ్యాల్సిన సమయం దాటిపోతుందని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను, రాయకుండా ఉండలేక.

ఇంకొక మాట. మీరు దాస్తున్నది నా కోపానికి జడిసి కాదు. నా కోపం మీకు లెక్కేమిటి? కూతురికి గది రావాలని వంట వదిన కావాలనే చేపల్ని చంపింది అని నేను అనుకుంటానని మీ భయం. అనుకోవడం లేదు. చంపాలనుకున్న మనిషి పస్తు పెడుతుంది, పచ్చసొన పెట్టదు. ఆ నీళ్ళు తెల్లబడటానికి కారణం మీ చేతి గుణం. నలుగురికి వండమంటే నలభై మందికి వండే చెయ్యి అది.

ఎన్ని మిగిలాయి? నిజం రాయండి.

మిల్లు వదిన

*

చేపల గది నుంచి

వదినగారూ,

"చంపాలనుకున్న మనిషి పస్తు పెడుతుంది" అన్న చోట ఉత్తరం కింద పెట్టేసి ఏడ్చాను. మీ అబ్బాయి చూసి, మీకేమైనా అయిందేమోనని చెప్పులేసుకుని ఆసుపత్రికి బయల్దేరబోయారు. ఆయన్ని ఆపడానికి నా ఏడుపు ఆపుకోవాల్సి వచ్చింది.

ఇక నిజం. నా మొదటి ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి ఇంటికి రాగానే గుడ్డు ఉడికించాను. పచ్చసొన పలచటి గుడ్డలో కట్టి తొట్టిలో పిండాను. చెంచాడే. సరే, రెండు చెంచాలు. అవి కదులుతున్నాయి కదా, తింటున్నాయనుకున్నాను. సాయంత్రం ఇంకోసారి వేశాను. తెల్లారి చూస్తే తొట్టి లేదు, పాలక్యాను ఉంది. పలక కనిపించలేదు. చెయ్యి పెట్టి తడిమితే జిగురుగా తగిలింది. నా వంట తిని ఇంతవరకూ ఎవరికీ కడుపునొప్పి కూడా రాలేదు వదినగారూ. తలకొట్టేసినట్టయింది.

వెనక్కి తిరిగితే మా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. అది తొట్టి చూసింది, నన్ను చూసింది, వెళ్ళి మిషను ముందు కూర్చుంది. ఆ నిమిషంలో నా బుర్రలోకి వచ్చిన మాట మీకు రాయకపోతే నాకు అన్నం సయించదు. 'పోనీలే, గది మనకొచ్చింది' అనుకున్నాను. కావాలని చెయ్యలేదు గానీ, అయిపోయాక అలా అనుకున్నాను. అనుకున్నందుకు నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది.

ఆ "ఆవిడ" పేరు పెట్టి మీకు రాసి పోస్టు చేశాక, జవాబు కోసం ఆగితే పనికాదని అర్థమైంది. ఏ వంటశాలలోనైనా ఒక గుండిగ మాడితే మాడనిది వేరే గిన్నెలోకి తీస్తాం, అడుగు గీకకుండా. అదే చేశాను. పెద్ద తొట్టిలో నీళ్ళు గిన్నెలోకి తోడాను, కొత్త నీళ్ళు పొయ్యడానికి ఎందుకో చెయ్యి రాలేదు. పలక ఎత్తి పెట్టాను. రాలినవాటిని నా గరిటెతో, నీళ్ళు కదలకుండా, కొన్నికొన్నిగా ముంచి తీశాను. కాసేపటికి మా అమ్మాయి మిషను మీంచి లేచొచ్చి, చేతిలో గరిటె లాక్కుని, "నీకు కళ్ళు సరిగా ఆనడం లేదమ్మా, నువ్వు దీపం పట్టుకో" అంది. సగం అదే తీసింది. తన గది తనే గరిటెతో పారబోసుకుంటోందని దానికి తెలీదా? తెలుసు. తెలిసే తీసింది.

ఎన్ని వందలు పోయాయో మీకు లెక్క రాయలేను. మిగిలినవి మాత్రం నలభై దాకా ఉన్నాయి. అవి ఈతకొచ్చాయి! పొద్దున్న చూస్తే పలక ఖాళీ, అన్నీ పోయాయనుకున్నాను. తీరా చూస్తే అన్నీ ఒక మూల గుంపుగా, బడి వదిలాక పిల్లలు నిలబడినట్టు నిలబడి ఉన్నాయి.

రొయ్యలు పొదిగించాను. ఉప్పు ఎంతో మీరు రాయలేదు, సముద్రపు నీళ్ళంత అనుకుని నాలుక మీద వేసి చూసి కలిపాను. సరిపోయింది. ఉప్పు విషయంలో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. వడగట్టడానికి మా అమ్మాయి లైనింగు గుడ్డ ముక్కల్లో అన్నిటికన్నా సన్నటిది వెతికి, చుట్టూ మడిచి కుట్టి మరీ ఇచ్చింది. రెండు చుక్కలు వేశాను. వదినగారూ, వేటాడాయి! వెంట్రుకంత లేవు, వంకీ తిరిగి, గురిచూసి, టక్కున మింగాయి. పొట్టలు నారింజ రంగుకొచ్చాయి, ఒక్కొక్కటే దీపం వెలిగించినట్టు. నాలుగొందల మంది తిని లేచినా నాకు అంత తృప్తి కలగలేదు.

ఇంకో చుక్క వెయ్యాలని చచ్చేంత అనిపించింది. మీరు చెప్పినట్టే గదిలోంచి బయటికెళ్ళి వీధి గుమ్మంలో నిలబడ్డాను. ఇప్పుడు రోజూ చాలాసార్లు నిలబడుతున్నాను. వీధివాళ్ళు నేను ఎవరి కోసమో ఎదురుచూస్తున్నానని అనుకుంటున్నారు.

ఇక మీరు తిట్టదలుచుకుంటే తిట్టండి. ఒకటి మాత్రం రాసిస్తాను, ఇవి ఇక చావవు.

మీ వంట వదిన

*

చిన్నమ్మాయి ఇంటి నుంచి

వదినగారికి,

ఆసుపత్రి నుంచి వదిలారు. కొన్నాళ్ళు ఇక్కడే మా చిన్నమ్మాయి దగ్గర ఉండమన్నారు. మీ ఉత్తరాలన్నీ వరసగా అందుతున్నాయి. పైరెక్క సాగింది, కిందిరెక్క సాగింది, పక్కల నల్లచార కనిపిస్తోంది అని మీరు రాసిన ప్రతిసారీ సంతోషమని జవాబు రాశాను. నిన్నటి ఉత్తరంలో "అచ్చం తల్లి పోలికే, ఇక మీరు గెలిచినట్టే" అన్నారు. దానికి సంతోషం అని రాయలేకపోతున్నాను.

నిన్న పెరట్లో ఎవరూ చూడకుండా బకెట్టు ఎత్తి చూశాను. సగం బకెట్టే. నాలుగడుగులు వెయ్యలేక కింద పెట్టేశాను. నా గదిలో ఎన్ని తొట్లున్నాయో, వాటికి వారానికి ఎన్ని బకెట్లు మొయ్యాలో మీకిప్పుడు తెలుసు. మోకాలు కొయ్యకముందే నాకూ తెలుసు, ఇక మొయ్యలేనని. కోడలు ఆ ఇరుకులో మోకాళ్ళు మంచానికి కొట్టుకుంటూ మిషను తొక్కడం రోజూ చూస్తూనే ఉన్నాను. గది తనకి ఇచ్చెయ్యాలని ఎప్పుడో అనుకున్నాను.

అనుకున్నాను గానీ నోరు రాలేదు. మిల్లులో షిఫ్టు నడిపినదాన్ని, ఇంట్లో నా మాట మీద మాట లేదు. నా అంతట నేను వెళ్ళి "నా వల్ల కావడం లేదమ్మా, తీసుకో" అనడం నాకు చేతకాలేదు. అందుకే ఆ షరతు పెట్టాను. చేపలే పోతే నేను ఎవరికీ ఏమీ ఇచ్చినట్టు కాదు, ఎవరి చేతిలోనూ ఓడినట్టు కాదు.

షాపతను చూసుకుంటే పిల్లలన్నీ బతికేస్తాయి. అందుకే అతన్ని వద్దన్నాను. తిండి పెట్టకుండా ఒక్క పూట కూడా ఉండలేని మనిషి ఎవరా అని ఆలోచిస్తే మీరు కనిపించారు. తిండి మాట ఎత్తకుండా బండెక్కింది మరిచిపోయి కాదు. తీరా పిల్లలు లేచాయని మీ ఉత్తరం చూశాక చెయ్యి ఊరుకోలేదు, అన్నీ రాసేశాను. అప్పటికే ఆలస్యమైపోతుందని తెలిసే రాశాను.

మీ పచ్చసొన సంగతి విన్నప్పుడు అంతా అనుకున్నట్టే అయిందని అనుకోవాలి కదా. అనుకోలేకపోయాను. ఆసుపత్రి మంచం మీద అటు తిరిగి పడుకుని ఏడ్చాను. నాకేం కావాలో నాకే తెలీదని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు మీరొక సాయం చెయ్యాలి. ఆ నలభై పిల్లల్నీ, పెద్దవాటినీ షాపతనికి ఇచ్చెయ్యండి. పిల్లలు పోయాయని, తల్లి చేప కూడా పోయిందని ఇంట్లో చెప్పండి. గది కోడలికి వెళ్తుంది, మీకూ కావలసింది అదే. నేనొచ్చి నాలుగు రోజులు ముఖం ముడుచుకుంటాను, అంతటితో అయిపోతుంది.

మీ మిల్లు వదిన

*

చేపల గది నుంచి

వదినా,

నిన్ను మీరు అనడం ఇక నా వల్ల కాదు. వయసులో పెద్దదానివైతే అయ్యావు.

అంటే, నేను పాడుచేస్తానన్న నమ్మకంతో నన్ను పెట్టావన్నమాట! "ఈ పనికి మా వదినగారే సరైన మనిషి" అని రాస్తే ఆ ముక్క మా అమ్మాయికి రెండుసార్లు చదివి వినిపించాను. ఎంత పొంగిపోయానో! నా చేతి వంట తిని అంతమంది పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, అలాంటి చేతిని నువ్వు ఎలుకల మందులా వాడుకుందామనుకున్నావు. నీ ఉత్తరం చదివాక ఆ పూట వండలేదు. ఇంట్లో అందరూ బ్రెడ్డు తిన్నారు. కారణం అడిగితే వదిన రాసిన ఉత్తరం అరగలేదని చెప్పాను.

కోపం దిగడానికి ఆ రోజంతా పట్టింది. దిగాక మిగిలింది ఇది.

చెప్పను. పోయాయని నేను చెప్పను. నా చేతిలో ఒకసారి నిజంగా పోయాయి, అది చాలు. బతికున్నవాటిని ఉత్తుత్తికే చంపడం నా చేతకాదు. పైగా ఎవరు నమ్ముతారు? మీ అబ్బాయి లారీ దిగి రాగానే చేతులు కూడా కడుక్కోకుండా తొట్టి దగ్గరికెళ్ళి "పెదనాన్నొచ్చాడు" అని వాటితో మాట్లాడుతున్నారు. అవి ఆయనకి తోబుట్టువు పిల్లలెలా అయ్యాయో అడగొద్దు, నాకూ తెలీదు.

మా అమ్మాయి సంగతి విను. నల్లచార తేలిన రోజు తొట్టి ముందు కూర్చుని చాలాసేపు చూసింది. "అత్తయ్య గెలిచిందమ్మా" అంది. అంతే. లేచి వెళ్ళి మంచానికీ బీరువాకీ మధ్య దూరి మిషను తొక్కుకుంది. ముఖం ముడుచుకోలేదు, విసుక్కోలేదు. యూనిఫారాల పని వచ్చింది, చోటు లేదని వద్దని చెప్పి పంపించేసింది. అయినా గది కోసం నిన్ను అడగమని నాతో అనలేదు. మాటంటే మాటే అంది.

కాబట్టి నువ్వు గెలిచావు వదినా. ఓడిపోవాలని ఇంత పథకం వేశావు, చివరికి గెలిచావు. ఇక అనుభవించు. గది నీది. ఇవ్వాలని ఉంటే నువ్వే ఇవ్వాలి, దాని ముఖం చూసి, నీ నోటితో. చేపలు చచ్చి ఇవ్వవు, నేను అబద్ధమాడి ఇవ్వను. నా కూతురు ఎవరి చావు వల్లో వచ్చిన గదిలో కూర్చుని కుట్టుకోవడం నాకిష్టం లేదు. అత్తగారు ఇచ్చిన గదిలో అయితే కుట్టుకుంటుంది.

చేపల బెంగ నీకొద్దు. నా రెండు గదుల ఇంట్లో ఒక్కదానికి వండుకోవడానికి అంత వంటిల్లు ఎందుకు? పొయ్యికి ఎదురుగా బండ మీద రెండు తొట్లు పడతాయి, కొలిచాను. ముసలి జంటా, పిల్లలూ నాతో వస్తాయి. మిగతా తొట్లు షాపతను అడుగుతున్నాడు, ఇవ్వు. బకెట్లు నేను మోస్తాను. గుండిగలు దించిన భుజాలివి, ఇంకా పనికొస్తాయి. నువ్వు వచ్చి కుర్చీలో కూర్చుని నేను ఎక్కువ వేస్తున్నానని తిట్టు. ఆ తిట్టే మనిషి లేకపోతే నా చెయ్యి ఆగదు, అది నీకూ తెలుసు.

తల్లి చేప బాగానే ఉంది. ఈ మధ్య చోటు శుభ్రం చేసుకుంటున్నట్టు పలక మీద మూతితో రుద్దుతోంది. ఆఖరి గుడ్లన్నావు, దానికి ఎవరూ చెప్పినట్టు లేదు.

నీ వంట వదిన

*

చిన్నమ్మాయి ఇంటి నుంచి

అమ్మాయీ,

నీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. మీ అమ్మకి రాయాల్సింది వేరే కవరులో రాశాను, అందులో ఉన్నది క్షమాపణ. దాన్ని ఆవిడ నీకు చదివి వినిపిస్తానంటే ఆపడం నా వల్ల కాదు.

చేపల గది నీకిస్తున్నాను. షరతులో నేనే గెలిచాను, ఒప్పందం ప్రకారం గది చేపలదే. అందుకే ఇవ్వగలుగుతున్నాను. ఓడిపోయి ఉంటే నువ్వు తీసుకున్నట్టయ్యేది. నువ్వు ఇరుకులో కుట్టుకోవడం ఇన్నాళ్ళూ చూస్తూ ఊరుకున్నాను. ఈ ఒక్క మాట నోటితో అనలేక, మూడొందల పిల్లల ప్రాణం మీద పెట్టాను. మిగిలినవాటిలో సగం నువ్వే గరిటెతో ఎత్తావని మీ అమ్మ రాసింది. గది పోతుందని తెలిసే ఎత్తావట. నాకు ఆ పని చెయ్యడానికి ధైర్యం ఉండేది కాదమ్మా.

యూనిఫారాలవాళ్ళని వెనక్కి పిలువు, వాళ్ళు ఇంకా వేరేచోట ఇచ్చి ఉండరు. నేను వచ్చేదాకా ఆగకు. తొట్లు తీసేశాక గోడకి చెమ్మ మరకలుంటాయి, సున్నం వేయించుకో. కిటికీ దగ్గర మిషను పెట్టుకుంటే పొద్దుటి వెలుగు బాగా పడుతుంది.

ఉత్తరంలో రాసి చేతులు దులుపుకుంటే మీ అమ్మ ఊరుకోదు. ఇంటికి వచ్చిన రోజు గుమ్మంలో నిలబడి నోటితో కూడా చెబుతాను. నాకు అలవాటు లేని పని, మధ్యలో తడబడతానేమో. అప్పుడు నువ్వు ఆ మాట మొదటిసారి వింటున్నట్టు ముఖం పెట్టు.

మీ అత్తయ్య